మన పిల్లలు ఏం నేర్పుతారు?

కోనసీమలోనో, నరసాపురం చుట్టుపక్కలో సాయంత్రం పూట ఏ ఊళ్లోకి వెళ్లినా ఇలాంటి ఇల్లొకటి కనిపిస్తుంది. అరుగు మీద అమ్మమ్మ రేపటికి బియ్యం ఏరుతుంటుంది. పక్కన హైస్కూలు పిల్ల ఫోనులో కువైట్‌లో ఉన్న తల్లితో మాట్లాడుతుంటుంది. తల్లి అక్కడ ఒకరింట్లో వంట చేస్తుంది, ఆ ఇంటి పిల్లల్ని సాకుతుంది. ఒక్కోసారి ఫోను తెర మీదికి ఆ పిల్లల్లో ఒకరి మొహం కూడా తొంగిచూస్తుంది. ఒకే చేతి ముద్ద తిన్న ఇద్దరు పిల్లలు క్షణం సేపు ఒకరినొకరు చూసుకుంటారు. ఆ తర్వాత మాట ఉండదు. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరి గురించి ఇంకొకరికి ఏ బడీ ఏమీ చెప్పలేదు.

దేశదేశాల బడుల మధ్య స్నేహాలు, విద్యార్థుల రాకపోకలు, ఉమ్మడి ప్రాజెక్టులు అనగానే ఖరీదైన స్కూళ్ల రంగు కాగితాలు గుర్తొస్తాయి. ఆ చర్చ మొదలుపెట్టాల్సింది ఈ అరుగు మీద. ఎందుకంటే గోదావరి డెల్టాకు ప్రపంచంతో సంబంధాలు కొత్తగా కలిపేవి కావు. నాలుగు వందల ఏళ్లనాడే డచ్చివాళ్లు పాలకొల్లులో బట్టల వ్యాపారం పెట్టారు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరే ఇంగ్లండు బజార్లలో ‘మడపోలం’ అనే గుడ్డకు పేరైంది. యానాం 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది. నరసాపురం ఆడవాళ్లు అల్లిన లేసు యూరప్ ఇళ్లలో బల్లల మీద పరుచుకుంది. భీమవరం చెరువుల్లో పెరిగిన వనామి రొయ్య అమెరికా వాళ్ల కంచాల్లోకి వెళ్తోంది. ఈ నేల నుంచి సరుకు వెళ్లింది, చాకిరీ వెళ్లింది, డాక్టర్లూ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లూ వెళ్లారు. బడిలో కూర్చున్న పిల్లల మాట మాత్రం ఇంకా గట్టు దాటలేదు.

జెండాల పండగ

ఇప్పుడు నడుస్తున్నవాటిని ముందు చూద్దాం. యునెస్కో అనుబంధ పాఠశాలల వ్యవస్థ 1953లో మొదలైంది. బ్రిటిష్ కౌన్సిల్ వారు మన దేశంలోనూ అంతర్జాతీయ పాఠశాల అవార్డు ఇస్తూ వచ్చారు. ఈ ఆలోచనల్లో తప్పేమీ లేదు. చిక్కంతా అవి మన బడుల్లోకి దిగేసరికి తీసుకునే రూపంలో ఉంది. తరగతికొక దేశాన్ని పంచుతారు. ఎనిమిదో తరగతికి జపాన్, తొమ్మిదో తరగతికి బ్రెజిల్. పిల్లలు అట్టల మీద జెండాలు గీస్తారు, అద్దె దుస్తులు కట్టుకుంటారు, ఒక పాటకు ఆడతారు. ఫొటోలు ఫైలుకెక్కుతాయి. జపాన్ పిల్లాడు మాత్రం ఈ కథలో ఎక్కడా ఉండడు. ఉంటే గింటే ఏడాదికొక వీడియో కాల్‌లో రెండు వైపులా చేతులూపుకుంటారు. పైగా ఫైళ్లు నింపడానికీ, ఇంగ్లీషులో ఉత్తరాలు నడపడానికీ ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకోగల ప్రైవేటు బడులకే ఇవి ఎక్కువగా అందుతాయి. జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరు మధ్యాహ్న భోజనం లెక్కలూ, యాప్‌లలో హాజరూ ముగించుకునేసరికి పొద్దుగూకుతుంది.

ప్రభుత్వ బడుల పిల్లలకు అవకాశాలే రాలేదని కాదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా ప్రభుత్వం 2002లో మొదలుపెట్టిన కెన్నెడీ-లూగర్ పథకం కింద మన గురుకులాల పిల్లలు కొందరు ఎంపికై, అక్కడి కుటుంబాలతో ఏడాది పాటు ఉండి చదువుకునే అవకాశం పొందారు. 2023 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల నుంచి పది మంది విద్యార్థులు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితికి వెళ్లొచ్చారు. కూలి ఇళ్ల పిల్లలు ఆ మెట్లెక్కడం చిన్న విషయం కాదు. అయితే లక్షల మంది చదివే బడుల నుంచి పది మందిని ఏరి పంపడం ప్రతిభకు ఇచ్చే బహుమతి అవుతుంది. దాన్ని బడికీ బడికీ మధ్య బంధుత్వం అనలేం. వెళ్లిన పిల్ల తిరిగొచ్చాక ఆ బడిలో మిగతా నాలుగు వందల మందికి ఏం దక్కింది అన్నదే అసలు ప్రశ్న.

ఒకే ఊరు, ఇద్దరు దొరలు

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరదేశం పోనక్కర్లేదు. రాజమండ్రి చరిత్రలోనే ఒక పాఠం ఉంది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆయన ప్రసంగాలను తెలుగు చేశారు. కళాశాల కుర్రాళ్లు వందేమాతరం బిళ్లలు తగిలించుకుని తరగతులకు వెళ్లారు. కళాశాల అధిపతి మార్క్ హంటర్ దాన్ని సహించలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును శిక్షణ కళాశాల నుంచి వెళ్లగొట్టారు. ఆయన ఆ మరుసటి ఏడాదే పత్రికలో రాసిన రాతకు జైలుకెళ్లారు. తెల్లదొర తరగతి గదిలో పుట్టిన స్పర్ధ తెలుగుదేశపు తొలి రాజకీయ ఖైదీల్లో ఒకరిని తయారుచేసింది.

రెండేళ్లకే, 1909లో, అదే ఊరి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు మరో దొర ప్రిన్సిపాలుగా వచ్చాడు. పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ ఆయన ఊరు. పాఠాల మీద మనసు నిలవక బొమ్మలు గీసుకునే దామెర్ల రామారావును ఆయన దండించలేదు, ఆ బొమ్మలు చూశాడు. రామారావు 1916లో బొంబాయి జేజే కళాశాలకు వెళ్లడం వెనుక ఉన్నది ఆయన ప్రోత్సాహమే. భీమవరం నుంచి వచ్చిన అడివి బాపిరాజునూ, కవికొండల వెంకటరావునూ చేరదీశాడు. పిల్లల్ని వెంటబెట్టుకుని అజంతా, ఎల్లోరాలకు తీసుకెళ్లాడు. మనదైన చిత్రకళ ఎక్కడుందో మన కుర్రాళ్లకు చూపించినవాడు ఒక ఇంగ్లీషువాడు కావడం విచిత్రం.

ఇందులో అసలు సంగతి ఇంకొకటుంది. కూల్డ్రే ఇచ్చి ఊరుకోలేదు, పుచ్చుకున్నాడు కూడా. వినికిడి తగ్గి ఉద్యోగం వదిలి వెళ్లాక, 1920లో ఆయన కవితల పుస్తకం వెలువడింది. దానికి పెట్టిన పేరులో థేమ్స్, గోదావరి పక్కపక్కన ఉన్నాయి. 1924లో దక్షిణ భారతంలో తాను గడిపిన కాలం గురించి మరో పుస్తకం రాశాడు. గురువు కళ్లతో శిష్యులు అజంతాను చూస్తే, శిష్యుల వల్ల గురువుకు గోదావరి సొంతనది అయింది.

ఇద్దరూ ఒకే దేశం నుంచి, ఒకే సర్కారు జీతం మీద, ఒకే ఊరి పిల్లల దగ్గరికి వచ్చారు. ఒకరి దగ్గర పగ పుట్టింది, ఇంకొకరి దగ్గర ఆంధ్ర చిత్రకళ చిగురించింది. కాబట్టి విదేశీయుణ్ణీ మన పిల్లల్నీ ఒక గదిలో కూర్చోబెడితే చాలు, అవగాహన దానంతటదే పుడుతుందనుకోవడం పొరపాటు. కూల్డ్రే కథకూ ఒక హద్దుంది. ఆయన పాలించే జాతివాడు, శిష్యులు పాలితులు. ఆ స్నేహం నిలబడింది ఒక మనిషి మంచితనం మీద. అలాంటి స్నేహాలు ఆ మనిషి ఓడెక్కగానే ఆధారం కోల్పోతాయి. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే, మశూచి వచ్చి పోయారు. రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల మిగిలింది.

మనిషి పోయినా వ్యవస్థ మిగిలిన ఉదాహరణ నరసాపురంలో ఉంది. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బౌడెన్, బీర్ అనే మిషనరీలు 1836లో ఈ ప్రాంతానికి వచ్చారు. వాళ్ల వెనుక బడులూ ఆసుపత్రులూ వచ్చాయి. చదువు గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు మిషన్ బళ్లు తలుపు తీశాయి. ఆ మేలు కాదనలేం. కానీ నేర్పేవాళ్లు ఎప్పుడూ ఆ గట్టు, నేర్చుకునేవాళ్లు ఎప్పుడూ ఈ గట్టు. లేసు కథ కూడా అంతే. మిషనరీల ఇళ్లనుంచి వచ్చిన అల్లిక మన ఆడవాళ్ల చేతికి అబ్బింది. తరం తర్వాత తరం కళ్లు కాయలు కాసేలా అల్లారు. ఆ లేసు ప్రపంచమంతా అమ్ముడుపోతున్నా, అల్లినవాళ్లు మాత్రం ‘ఇంట్లో ఖాళీగా ఉండే ఇల్లాళ్లు’గానే లెక్కకొచ్చారని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో పుస్తకం రాసి చూపించింది. ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు దక్కడానికి 2024 దాకా ఆగాల్సొచ్చింది. సంబంధం ఎంత పాతదైనా సాటి హోదా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

స్నేహానికీ షరతులున్నాయి

అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ఇదే విషయాన్ని సిద్ధాంతంగా చెప్పాడు. రెండు సమూహాల మధ్య దురభిప్రాయాలు తగ్గాలంటే వాళ్లు కలుసుకోవాలి. ఆ కలయికకు నాలుగు షరతులు. కలిసినవాళ్లు సమాన హోదాలో ఉండాలి. ఇద్దరికీ ఒకటే లక్ష్యం ఉండాలి. దాని కోసం పోటీపడకుండా కలిసి పనిచేయాలి. పైనున్న వ్యవస్థ వెన్నుదన్నుగా నిలవాలి. పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 515 అధ్యయనాలను వడగట్టి 2006లో ఒక మాట తేల్చారు. కలుసుకోవడం వల్ల దురభిప్రాయాలు తగ్గుతాయి. షరతులు నెరవేరితే ఇంకా తగ్గుతాయి.

ఈ నాలుగింటినీ ఒక ప్రభుత్వ కార్యక్రమంగా మార్చి చూపించినవి ఫ్రాన్స్, జర్మనీలు. 1870 నుంచి డెబ్బై అయిదేళ్లలో మూడు యుద్ధాలు చేసిన దేశాలవి. 1963లో ఒప్పందం కుదుర్చుకున్నాక మొదట చేసిన పనుల్లో ఒకటి ఉమ్మడి యువజన కార్యాలయం పెట్టడం. ఖర్చు ఇద్దరిదీ సమానం. ఒక ఏడాది మీ పిల్లలు మా ఇళ్లకు వస్తే ఆ తర్వాత మా పిల్లలు మీ ఇళ్లకు రావాలి. ప్రభుత్వాలు మారినా, నాయకుల మధ్య మాట పట్టింపులొచ్చినా ఆ రాకపోకలు ఆగలేదు. ఇప్పటికి తొంభై లక్షల మందికి పైగా అలా వెళ్లొచ్చారు. తాత తుపాకి పట్టుకు తిరిగిన ఊళ్లో మనవడు వారం రోజులు భోంచేశాడు. అక్కడ పనిచేసింది జెండాలూ పాటలూ కాదు, ఏళ్ల తరబడి తప్పకుండా నడిచిన రాకపోకలు.

లంక పిల్ల చెప్పే పాఠం

మన విషయంలో అన్నిటికంటే కష్టమైన షరతు మొదటిదే. లండన్ బడితో కూర్చున్న రామచంద్రపురం బడికి సమాన హోదా ఎలా వస్తుంది? వాళ్ల భాషలో, వాళ్ల పాఠ్యప్రణాళిక మీద, వాళ్ల కెమెరా ముందు మాట్లాడితే రాదు. మన పిల్లలకు తెలిసి వాళ్లకు తెలియని విషయం మీద మాట్లాడితే వస్తుంది.

అలాంటి విషయాలు డెల్టాలో కొదవలేదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగువకు పోయే నీరు 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఈ అంకెలు అధికారుల కాగితాల మీద ఉంటాయి. వాటి అర్థం పి.గన్నవరం వైపు లంక గ్రామాల పిల్లకు తెలుసు. ఎప్పుడు కాజ్‌వే మునుగుతుందో, పశువుల్ని ఎప్పుడు గట్టు మీదికి తోలాలో, పడవ ఎక్కేటప్పుడు సంచిలో ముందు ఏం పెట్టుకోవాలో ఆ పిల్ల చెప్పగలదు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పటి కథ ఆమె తాత చెప్పగలడు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని ఎలా నేలమట్టం చేసిందో అమ్మమ్మ చెప్పగలదు. ‘సైక్లోన్’ అనే మాటను 1848లో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్, 1789లో మన కోరంగిని ముంచిన ఉప్పెన గురించి రాశాడని సైన్సు మాస్టారు దానికి చేర్చవచ్చు.

నెదర్లాండ్స్‌లో 1953లో సముద్రపు కట్టలు తెగి 1,800 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత వాళ్లు కట్టుకున్న అడ్డుకట్టలు ఎంత గట్టివంటే, ఇవాళ అక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లోకి వరద రావడం చూసి ఉండరు. కట్టలు ఎలా కట్టాలో వాళ్లకు తెలుసు, వరదతో ఎలా బతకాలో మనవాళ్లకు తెలుసు. ఉప్పాడ దగ్గర ఏటేటా ఊరిని కోసుకుపోతున్న సముద్రం రెండు బడులకూ ఉమ్మడి లెక్క. పైన కట్టిన రిజర్వాయర్లలో ఒండ్రు ఆగిపోతే డెల్టా ఏమవుతుందన్నది వియత్నాంలోని మెకాంగ్ డెల్టా పిల్లలకూ మన పిల్లలకూ ఒకటే ప్రశ్న.

రొయ్యల చెరువును తీసుకున్నా అంతే. భీమవరం రైతుకు అమెరికా బజారులో పోటీ ఈక్వడార్, వియత్నాం రైతులు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్టు మీద రొయ్య ధర పడిపోయింది, ఆ ఇంటి పిల్లాడి కాలేజీ ఫీజు మాట వాయిదా పడింది. తాను తినే రొయ్య వెనుక ఇలాంటి ఇల్లొకటి ఉందని అమెరికా తరగతి గదిలో పిల్లకు తెలియాలి. పంటకాలువలోకి చెరువు ఉప్పునీరు వదిలితే పక్క చేనుకు ఏమవుతుందో మన పిల్లాడూ దాచకుండా చెప్పాలి. మన గొప్పలు చెప్పుకోవడం తేలిక, మన తప్పులు కూడా బల్ల మీద పెట్టగలిగిన రోజునే ఎదుటివాడితో సమానంగా కూర్చున్నట్టు.

ఇక కువైట్, మస్కట్, దోహా బడులు. అక్కడి ఇళ్లలో మన తల్లులు పెంచుతున్న పిల్లలు రేపు ఆ దేశాల్లో అధికారులవుతారు, యజమానులవుతారు. తమను పెంచిన మనిషికీ ఒక ఊరు, ఒక బడిలో చదువుకుంటున్న కూతురు ఉన్నారని పదేళ్ల వయసులో తెలిసినవాడు, పాతికేళ్లకు పాస్‌పోర్టు లాగి దాచే యజమాని కావడానికి కాస్త వెనకాడతాడు. కాన్సులేట్లూ కార్మిక చట్టాలూ చేయలేని పని ఇలాంటి పరిచయం చేయవచ్చు.

అడ్డంకుల సంగతి

ఇంగ్లీషు రాదుగా అంటారు. రాకపోతే నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. అయితే రెండు వైపులా భాష నేర్చుకోవాలి. మన పిల్లలు వాళ్లకు ఉత్తరం ఇంగ్లీషులో రాస్తే, వాళ్లు మన పిల్లల పేర్లయినా తెలుగులో రాయడం నేర్చుకోవాలి. కూల్డ్రేకూ రామారావుకూ మధ్య మాటకంటే ముందు బొమ్మ మాట్లాడింది.

డబ్బేదీ అంటారు. విమానం టికెట్లు ఈ పనిలో చివరి ఖర్చు. చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో ఇప్పటికే గోడకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లున్నాయి. నెలకు రెండు గంటలు, ఒక టైం టేబుల్, ఆ పనిని తన పనిగా భావించే ఒక ఉపాధ్యాయుడు ఉంటే చాలు. ఆ ఉపాధ్యాయుణ్ణి బదిలీ చేసేటప్పుడు ఆ పనిని ఇంకొకరికి అప్పగించి మరీ పంపాలి. లేకపోతే మనిషితో వచ్చిన స్నేహం మనిషితోనే పోతుంది. పిల్లల ఫొటోలూ వివరాలూ బయటికి పోకుండా చూసే బాధ్యత జిల్లా విద్యాశాఖ తీసుకోవాలి.

ఎలాగూ మన పిల్లలు విదేశాలకు పోతున్నారు, ఇంకా పోయేలా చేయడమెందుకని కొందరు పెద్దలు అంటారు. ఈ భయంలో కొంత నిజముంది. ప్రపంచం అంటే వీసా ఒక్కటేనని నేర్పితే వాళ్లు వెళ్లే తీరతారు. తమ ఊరికి ప్రపంచంతో మాట్లాడే విషయముందని తెలిసినవాడికి వెళ్లడమూ ఉండటమూ రెండూ తన ఇష్టం అవుతాయి.

ముందు పక్క గట్టు

చివరిగా ఒక చేదు మాట. మెకాంగ్ పిల్లలతో మాట్లాడబోయే డెల్టా పిల్లలు నదికి ఎగువనున్న చింతూరు, కూనవరం, వీఆర్‌పురం కోయ పిల్లలతో ఎప్పుడైనా మాట్లాడారా? పోలవరం ప్రాజెక్టులో నీరు నిలిస్తే డెల్టా రెండు పంటలు ధీమాగా పండించుకుంటుంది. దాని కోసం లక్షకు పైగా కుటుంబాలు ఇల్లూ చెట్టూ వదులుకోవాల్సి ఉంది. ఎగువ బడి పిల్లలు ఖాళీ చేస్తున్న ఊరి గురించి దిగువ బడి పిల్లలకు ఏ పాఠంలోనూ లేదు.

2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ గుంపులో పెద్దలకంటే కుర్రాళ్లే ఎక్కువగా కనిపించారు. ఒకే వీధిలో ఒకే బస్సెక్కి ఒకే కాలేజీకి వెళ్లిన పిల్లలు ఒకరి గురించి ఒకరు ఏమీ తెలుసుకోకుండానే పెరిగారు. ఎవరి పేరు వద్దన్నారో ఆయన కొలంబియాలో, లండన్‌లో చదువుకుని వచ్చి ఈ దేశం కులం గురించి ప్రపంచానికి అర్థమయ్యేలా రాసిన మనిషి. ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగు షరతులూ దేశాల సరిహద్దుల దగ్గరే ఆగవు. పేటకూ ఊరికీ మధ్య కూడా అవే వర్తిస్తాయి. ఎగువ బడికీ దిగువ బడికీ, పేట పిల్లలకూ వీధి పిల్లలకూ ఉమ్మడి పని కల్పించలేని విద్యాశాఖ లండన్‌తో ఎన్ని ఒప్పందాలు రాసుకున్నా అవి జెండాల పండగ దగ్గరే ఆగిపోతాయి.

అందుకే క్రమం ఇలా ఉండాలి. మొదటి ఏడాది నది పొడుగునా మన బడులు మూడేసి చొప్పున జట్టు కట్టాలి. ఎగువ నుంచి ఒకటి, ఆనకట్ట దగ్గర ఒకటి, సముద్రం ఒడ్డున ఒకటి. రెండో ఏడాది ఆ జట్టు ఒక విదేశీ బడితో కలవాలి. ఒప్పందం కనీసం పదేళ్లకు రాసుకోవాలి. ఏటా రెండు వైపుల పిల్లలూ కలిసి రెండు భాషల్లో ఒక చిన్న పుస్తకమో, పటమో, బొమ్మల ప్రదర్శనో తయారుచేయాలి. ప్రభుత్వ బడులకే తొలి అవకాశం ఇవ్వాలి.

జూన్‌లో బడులు తెరుస్తారు, జూలైలో వరద వస్తుంది. ఈసారి ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక జారీ అయిన రోజున డెల్టాలో ఒక్క హెడ్మాస్టరైనా తరగతి గది తెరను ఒక పరాయి దేశపు బడికి కలపాలి. పాఠం మాత్రం మాస్టారు చెప్పకూడదు. లంక నుంచి పడవెక్కి వచ్చిన పిల్లే చెప్పాలి.